గుండ్రంలో పాప

పిల్లల ఫోటో తీసేటప్పుడు "నవ్వు" అని అడగకూడదు. అడిగామా, పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, పంటినొప్పి వచ్చినవాళ్ళలా నిలబడతారు. నేను నవ్వమని అడగను, తిడతాను. "ఏమ్మే, పొద్దున ఉగ్గాని తిని మూతి తుడుచుకోకుండా వచ్చినావు? బజ్జీ యాడ దాచిపెట్టినావు, జేబులోనా?" అంటాను. ఆ పిల్ల మూతి తడుముకుంటుంది, పక్కపిల్ల మూతి కేసి చూస్తుంది, ఇద్దరికీ నవ్వు ఆగదు. అప్పుడు నొక్కేస్తాను. ఆదోనిలో ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. స్టూడియో మా నాన్న పెట్టింది. ఆయన పోయాక నాదైంది.

నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. ఎమ్మిగనూరులో ఉండే మా అక్క అయితే మరీనూ. "నీ నోటికి పిల్లోళ్ళు జడుసుకుంటారే" అని వెళ్ళినప్పుడల్లా చదువుతుంది. జడుసుకునేవాళ్ళు ఆదివారం పొద్దున్నుంచే నా కోసం గుమ్మంలో ఎందుకు కూర్చుంటారో మాత్రం చెప్పదు. మా అక్క కూతురూ కొడుకూ నా స్కూటర్ మీద ముందు నిలబడే చోటు కోసం కొట్టుకుని, గిల్లుకుని, ఒకరి జుట్టు ఒకరు పీక్కుని, చివరికి ఇద్దరూ నా చేత తిట్లు తిని, ఇద్దరూ ముందే ఇరుక్కుంటారు. హ్యాండిల్ తిప్పడానికి నాకు చోటుండదు. మగ్గం మీద కూర్చున్న బావ ఆ గోల విని లోపలినుంచే నవ్వుతాడు.

నేను పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక ఏడుపు కథేమీ లేదు, చేసుకోవాలనిపించలేదు, అంతే. కానీ జనానికి ఊరుకోబుద్ధి కాదు. "ఇంతమంది పిల్లోళ్ళ ఫోటోలు తీస్తావు, నీకంటూ ఒకరు లేకపాయ గదమ్మా" అని జాలిపడతారు. "మీ పిల్లోణ్ణి ఇచ్చిపోండి, నేను సాకుతా" అంటాను. దాంతో నోరు మూస్తారు. నిజానికి పిల్లలంటే నాకు పిచ్చి. చీమిడి ముక్కుల పిల్లలు, ఒక చెప్పు పారేసుకుని ఒక చెప్పుతో వచ్చే పిల్లలు, కెమెరా చూడగానే తల్లి కొంగులో దూరే పిల్లలు, అందరూ నాకు కావాలి. వాళ్ళ మీద ఇష్టం నాకు తిట్ల రూపంలోనే బయటికొస్తుంది. అది నా లోపం అనుకోండి.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఒక ఊరుంది. అక్కడి చిన్న బడిలో సారు నాతో పాటు హైస్కూల్లో చదివినవాడు. ప్రతి ఏడూ ఫిబ్రవరిలో తరగతి తరగతికీ గ్రూప్ ఫోటో తీయడానికి నన్నే పిలుస్తాడు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఇంకా ఈ ఫోటోలెందుకు అంటారు కొందరు. ఫోన్ పగిలిపోతుంది, లేదా అమ్మేస్తారు, అందులోని ఫోటో దాంతో పాటే పోతుంది. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో గోడ మీద మిగిలేది ఈ బడి ఫోటో ఒక్కటే.

ఆ పాపను నేను మొదట చూసింది రెండో తరగతి ఫోటోలో. ముందు వరసలో కూర్చుని, నేను మూడు లెక్కపెట్టేలోపు మూడు ప్రశ్నలడిగింది. ఆ తర్వాత మూడో తరగతి ఫోటోలో లేదు. నాలుగులోనూ లేదు. ఆ ఊరి నుంచి పత్తి తీతలు అయిపోగానే సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. సుగ్గికి పోవడమంటారు దాన్ని. మళ్ళీ ఉగాదికి వస్తారు. బడి ఈడు పిల్లలను చాలామంది చుట్టాల దగ్గర వదిలిపోతారు, ఈ పాపను మాత్రం వాళ్ళ నాయనా అమ్మా వెంట తీసుకుపోతారు. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

పోయిన డిసెంబరులో అయిదో తరగతి పిల్లల ఫారాలకు పాస్‌పోర్ట్ ఫోటోలు తీయడానికి వెళ్ళాను. పని అయిపోయి సంచీ సర్దుకుంటుంటే ఆ పాప వచ్చి నిలబడింది.

"ఫోటోక్కా, ఈసారి పెద్ద ఫోటో ఎప్పుడు తీస్తావు?"

"ఎప్పటి మాదిరే, ఫిబ్రవరిలో."

"అప్పటికి మేముండం. రెండేండ్ల నుంచి నేను ఫోటోలో లేను. ఈసారి మేము పోకముందే తియ్యి."

"తొందరేమి? వచ్చే ఏడు ఆదోనిలో పెద్ద బడికి పోతావు. ఆరో తరగతిలోనూ తీస్తారులే."

"నేను ఆరుకు పోను," అంది. "మాయమ్మ సెప్పింది. వచ్చే ఏడు నుంచి నేను గూడా కోతకు మనిషినంట. తమ్మునికి నడక వచ్చింది గదా."

ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టే చెప్పింది ఆ మాట. అంటే తను బడికి పోయిందని చెప్పడానికి ఆ పిల్లకు మిగలబోయేది ఈ ఫోటో ఒక్కటే. "మా జతగత్తె పక్కన నిలబడతా, సరేనా?" అంది. నేను ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

సారుతో పోట్లాడి ఫోటో రోజును జనవరి మొదటి వారానికి మార్పించాను. కానీ కూలీలను కోతకు తీసుకుపోయే మేస్త్రీ మూడు రోజులు ముందే బండి తెచ్చాడు. నేను వెళ్ళేసరికి ఆ ఇంటికి ఆమె అవ్వ ఒక్కతే మిగిలింది. బడిలో పదమూడు మంది తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని ఎదురు చూస్తున్నారు. ఉగాది దాకా ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "వచ్చినావు గదా, తీసెయ్యి, ఆ పిల్లను నువ్వెట్లాగూ ఏదో ఒకటి చేసి పెడతావులే" అన్నాడు సారు. అదీ నిజమే అనుకున్నాను.

మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. గ్రూప్ ఫోటోకు రానివాళ్ళను విడిగా తీసిన ఫోటోలోంచి కత్తిరించి, పైన మూలలో గుండ్రంలో పెట్టడం. ఆదోనిలో కాలేజీలకూ ఆఫీసులకూ అలా ఎన్ని చేశానో. డిసెంబరులో తీసిన పాప ఫోటో నా దగ్గరే ఉంది. మామూలు గుండ్రం పెట్టడానికి మనసొప్పలేదు. నా కంప్యూటర్లో ఉన్నవన్నీ వెతికి, అన్నిటికన్నా అందమైన అంచు తీశాను. చుట్టూ బంతిపూలు, గులాబీలు, వెనకాల లేత నీలం ఆకాశం, తెల్లటి మేఘాలు, కొంచెం వెలుగు. మధ్యలో పాప ముఖం. చూసుకుని మురిసిపోయాను. పద్నాలుగు కాపీలు తీసి సారుకిచ్చి వచ్చాను. పాప కాపీని ఆమె జతగత్తె చేత అవ్వకు పంపించాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు సారు ఫోన్.

"నువ్వు వెంటనే రా."

"ఏమైంది?"

"నీ గుండ్రం కొంప ముంచింది. రా ముందు."

స్కూటర్ ఎలా నడిపానో నాకే తెలియదు. ఆ ఇంటి ముందు జనం. లోపల అవ్వ నేల మీద కూర్చుని రొమ్ము బాదుకుంటోంది. గోడ మీద ఆమె మొగుడి ఫోటో ఉంది. రెండేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు రేషన్ కార్డు ఫోటోలోంచి ముఖం తీసి నేనే చేసిచ్చాను. గుండ్రం, బంతిపూలు, గులాబీలు, నీలం ఆకాశం, మేఘాలు. దాని కింద గోడకు ఆనించి నా బడి ఫోటో. దానికి ఎవరో అప్పటికే చామంతిపూల దండ వేశారు, ముందు ఊదుబత్తులు వెలిగించారు. పదమూడు మంది బతికున్న పిల్లలు ఊదుబత్తుల పొగలో పళ్ళికిలించి నవ్వుతున్నారు.

నా తల కొట్టేసినట్టయింది. ఆ అంచు నేను వాడేది పోయినవాళ్ళకు. చేసి చేసి నా కంటికది ఉత్త పూల అంచుగా మిగిలిపోయింది. కాలేజీవాళ్ళకు గుండ్రమంటే ఆ రోజు రానివాళ్ళని తెలుసు. ఈ ఊళ్ళో గుండ్రంలో ఉండేది పోయినవాళ్ళు మాత్రమే. ఆ మాట నాకు కదా తెలిసి ఉండాల్సింది!

"అందరూ కింద నిలబడినారు గదమ్మా," అని ఏడుస్తోంది అవ్వ. "నా మనవరాలు ఒక్కతే పైన ఆకాశంలో మోడాల్లో ఉండాది గదమ్మా! ఎప్పుడు పోయినావే నా తల్లీ, నాకు సెప్పకుండా దాసినారు గదే!"

నిన్న సాయంత్రం నుంచి కొడుక్కి ఫోన్ చేయిస్తోందట. కలవడం లేదు. ఆ చేలల్లో సిగ్నల్ ఉండదు, ఉన్నా చార్జింగ్ ఉండదు. కానీ ఫోన్ కలవకపోవడంతో ఆమెకు అనుమానం కాస్తా నిజమైపోయింది.

నాకు ఒళ్ళు మండింది. నా తప్పుకు ఇంకొకరి మీద అరవడం నాకలవాటు. "ఎవరు దండ ఏసింది? బతికుండే పిల్లకు దండేస్తారా? కండ్లు యాడ పెట్టుకున్నారు?" అని దండ లాగి పారేశాను. అందరూ బిక్కచచ్చిపోయారు. అవ్వ ముందు కూలబడి చెప్పాను. "అవ్వా, పాప బాగుంది. అది నేను చేసిన తప్పు. రానోళ్ళను అట్ల పెడతాము మేము."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వు గూడా దాస్తాండావు. నా మొగునికి సేసిచ్చింది నువ్వే గదా. ఇట్లనే గదా సేసినావు."



సారు మేస్త్రీ నంబరు ఎవరి దగ్గరో సంపాదించాడు. మొదట ఎత్తలేదు. తర్వాత ఎత్తి, తను మిర్చి యార్డులో ఉన్నానని, చేనికి పోయాక చేస్తానని పెట్టేశాడు. ఒక గంట గడిచింది. అవ్వ ఏడ్చి ఏడ్చి ఊరికే ఊగుతూ కూర్చుంది. నాకు కూడా అనుమానం మొదలైంది. ఒకవేళ నిజంగానే ఏమైనా అయి ఉంటే? పాముంటుంది, బావి ఉంటుంది, లారీలు తిరుగుతుంటాయి. నేను పెట్టిన ఆ పూలు చూస్తే నా చేతులు నరుక్కోవాలనిపించింది. అందరు దేవుళ్ళకూ మొక్కేశాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక సారు ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు.

"అవ్వా, ఏంటికి ఏడుస్తాండావు?" అంది పాప గొంతు. "మన కోడి సచ్చిపోయిందా?"

ఇల్లంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. నవ్వో ఏడుపో తెలియదు. అవ్వ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ముద్దులు పెట్టింది. కోడి బాగుందని, గుడ్లు కూడా పెడుతోందని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఫోటోక్క ఈడనే ఉండాది, ఆమె సేసిన పనికి..." అని అవ్వ మొదలుపెట్టగానే, పాప నాకిమ్మంది.

"అక్కా, నన్ను యాడ పెట్టినావు?"

"పైన పెట్టినాను, మ్మే. గుండ్రంలో. పూలు గూడా పెట్టినా."

"నా పక్కన ఎవరుండారు?"

"పైన నువ్వొక్కదానివే."

"ఎవరూ లేరా," అంది. అంతలో లైను పోయింది.

అవ్వ ఊపిరి తీసుకున్నాక నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నా చేతులు, నా కెమెరా, నా కంప్యూటరు, నన్ను కన్నవాళ్ళు, ఎవరినీ వదల్లేదు. నా జన్మలో మొదటిసారి ఎదురు చెప్పకుండా నిలబడి తిట్లు తిన్నాను. తిట్టి తిట్టి అలసిపోయి, "తిని పో, ఎప్పుడు తిన్నావో ఏమో" అని జొన్నరొట్టె, చెనక్కాయల పొడి పెట్టింది. తింటున్నంతసేపూ పాప అన్న ఆ రెండు మాటలే వినపడ్డాయి. ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగు ఫోటోలూ వెనక్కి తీసుకున్నాను. కొందరు ఇవ్వము అన్నారు. ఇంతకన్నా మంచిది ఇస్తానని బతిమాలాను.

ఉగాది ముందు రోజు వాళ్ళు వచ్చారు. పండగ అయిన మూడో రోజు పొద్దున్నే బడికి వెళ్ళాను. పాప ఎండకు నల్లబడింది. తమ్ముణ్ణి సంకనేసుకుని అందరికన్నా ముందొచ్చి కూర్చుంది. నడక వచ్చిందన్న ఆ ఘనుడు ఒక్క అడుగు వేస్తే ఒట్టు. వాణ్ణి నేనెత్తుకుని లెన్స్ మూత చేతికిచ్చాను. చీకుతూ కూర్చున్నాడు.

బెంచీలు వేసి, వరసలు కట్టి లెక్కపెడితే పదమూడు మంది. పాప జతగత్తె లేదు. నాలుగు రోజులకొకసారి వచ్చే నీళ్ళు ఆ రోజే వచ్చాయట. ఆమె అమ్మ పనికి పోతే, కొళాయి దగ్గర బిందెల వరసలో ఆ పిల్లే కాపలా ఉంది.

"సరే, ఆ పిల్లను గుండ్రంలో..." అని సారు నోరు జారాడు. నేను చూసిన చూపుకు మిగతాది మింగేశాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పాప మాత్రం నవ్వలేదు. వరసలోంచి బయటికి వచ్చి నిలబడింది.

"వద్దు సార్. ఎవరికీ గుండ్రం వద్దు. అది వచ్చేదాకా నేను నిలబడను."

"ఎండ ఎక్కితే ముఖాలన్నీ నల్లగా పడతాయమ్మే," అన్నాను.

"పడనీ."

ఇంకేం చేస్తాను? తమ్ముణ్ణి సారుకిచ్చి, పాపను స్కూటర్ వెనక ఎక్కించుకుని కొళాయి దగ్గరికి పోయాను. జతగత్తె బిందెలు వదిలి రానంటుంది. "వరస పోతే మాయమ్మ సంపుతాది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాప స్కూటర్ దిగి ఇంటికి పరుగెత్తి అవ్వను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. అవ్వ రొప్పుతూ వచ్చి బిందెల పక్కన నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది. "పోండే, నేనుండా. ఎవరు ముందుకొస్తారో సూస్తా." నా వైపు తిరిగి, "ఈసారన్నా సరిగ్గా తియ్యమ్మా. మోడాలు గీడాలు వద్దు" అంది.

పద్నాలుగు మంది నిలబడ్డారు. పాప రెండో వరసలో, జతగత్తె పక్కన. ఎప్పుడూ తమ్ముడుండే చేతులు కదా, ఊరికే ఉంటే వాటినేం చేయాలో తెలియలేదు. కాసేపు కట్టుకుంది, కాసేపు వదిలింది, చివరికి జతగత్తె చెయ్యి పట్టుకుంది. తిట్టడానికి నోరు తెరిచాను గానీ అవసరం రాలేదు. అందరూ అప్పటికే నవ్వుతున్నారు. నొక్కేశాను.

మూడు రోజుల తర్వాత ఫోటోలు నేనే ఇంటింటికీ పంచాను. పాప ఇంటికి ఆఖరున వెళ్ళాను. పిల్లలు వీధిలో ఉన్నారు. వాళ్ళమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేనెవరో అత్త చెప్పి ఉన్నట్టుంది, చూడగానే నవ్వు ఆపుకుంటూ లేచింది. చేతులు చీరకు తుడుచుకుని ఫోటో అందుకుంది. ఒక్కొక్క ముఖం మీదా వేలు పెడుతూ వచ్చి, రెండో వరసలో ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది ఆ వేలు.

"ఇదేందక్కా," అంది. "మా పాప ఇంత సిన్నదా?"

నేనూ వంగి చూశాను. నాకే ఆశ్చర్యం.

"ఎప్పుడూ సంకలో వాడుంటాడు. లేదంటే నెత్తిన నీళ్ళ బిందె. వంట సేస్తాది, కోతలో నాకు సమానంగా సాలు పడతాది. అందరి నడుమ ఇట్ల సూస్తే అందరికన్నా సిన్నదుండాదే."

వీధిలోంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఆమె ఫోటోను వొళ్ళో పెట్టుకుని, బియ్యం చేటను పక్కకు జరిపింది.

"అక్కా, ఆరో తరగతిలో సేర్పియ్యల్లంటే ఏమేం అడుగుతారు?"

"టీసీ, ఆధార్ కార్డు, నాలుగు ఫోటోలు," అన్నాను. "ఫోటోలు నా దగ్గరుండాయి. బడికి నేను తోడొస్తా."

"మా ఆయనకు నేను సెప్పుకుంటా," అంది. మళ్ళీ ఫోటో చేతిలోకి తీసుకుంది. "పెద్దది అనుకుంటిమి గదా," అంది దాని వైపు చూస్తూ.